పలక మీద 4417

కార్డు వచ్చిన 12వ రోజు, బుధవారం

నా పేరు జక్కరయ్య. రేకు పని నా వృత్తి. డబ్బాలు, గరాటులు, ట్రంకుపెట్టెలు చేస్తాను. శుక్రవారం, ఆదివారం వాక్యం చెబుతాను. ఏ కళాశాలా నాకు పట్టా ఇవ్వలేదు. లేఖనాన్ని కుంపటి పక్కన పెట్టుకుని, మసి అంటిన వేళ్లతో పేజీలు తిప్పుతూ నేర్చుకున్నాను. ఈ పుస్తకం మొదలుపెట్టడానికి కారణం ఒక్కటే. కొత్త కార్డు గురించి రేపు ఎవరైనా అడిగితే చూసింది చూసినట్టు చెప్పేవాడు ఒకడుండాలి.

వారధికి తూర్పున మేము, పడమర వేరే ప్రభుత్వం. మా వాడలో సగంమంది పడమటి గట్టు మిల్లుల్లోనే పని చేస్తారు. పాత కార్డు జేబులో నిద్రపోయేది. గేటు దగ్గర తీసి చూపిస్తే తప్ప నోరు విప్పేది కాదు. వరసలో రెండు గంటలు నిలబడాల్సి వచ్చేది. కొత్త కార్డు మెడలో వేలాడుతూ పగలూ రాత్రీ తన నంబరు చెబుతూనే ఉంటుంది. ముప్పై అడుగుల అవతలి నుంచే గేటు ఆ నంబరు వింటుంది, అధికారి తెరమీద మన ఫొటో పడుతుంది, అడ్డుకర్ర లేస్తుంది. నడక ఆపనక్కర్లేదు. జనం సంబరానికి అంతులేదు.

ఇవాళ గేటు అధికారి వకుళ మా ప్రార్థన షెడ్డు ముందే మీటింగు పెట్టింది. నేను లేచేసరికి అందరూ లేఖనం చెప్పిన మృగం ముద్ర, అంత్యదినాల్లో ప్రతివాడి మీదా పడే అంకె, దాని సంగతి ఎత్తుతాననుకున్నారు. ఎత్తలేదు. పోయినేడు ఎండతో నడిచే బస్సుల్ని అంత్యదినాల గుర్తు అన్నాను. ఇప్పుడు ఆ బస్సులోనే రేకు తెచ్చుకుంటున్నాను. మా ఆవిడ దీనమ్మ ఆ మాట నన్ను మరిచిపోనివ్వదు. అందుకని ఒక్క ప్రశ్నే అడిగాను. ఆ నంబరు గేటుకే వినబడుతుందా, ముప్పై అడుగుల్లో చెవి ఉన్న ప్రతివాడికీ వినబడుతుందా అని.

"నంబరంటే పేరు కాదు కదండీ. అందులో మీ పేరు లేదు, ఊరు లేదు. విన్నా ఎవరికీ ఏమీ అర్థం కాదు" అంది వకుళ.

జనం చప్పట్లు కొట్టారు. మా షెడ్డు ముందు నాకు కాకుండా ఇంకొకరికి చప్పట్లు పడటం ఇదే మొదలు.

19వ రోజు, బుధవారం

సంతలో పాత సామాన్ల వాడి దగ్గర సబ్బుబిళ్లంత యంత్రం కొన్నాను. గేదెల చెవుల్లో బిళ్లలుంటాయి కదా, మందలోంచి తప్పిపోతే వెతకడానికి పశువులవాళ్లు వాడేదట. దాన్ని షాపు గుమ్మంలో పెట్టి, టీ తాగి వచ్చేసరికి చిన్న తెరమీద పదకొండు నంబర్లు వచ్చి ఉన్నాయి. వారధికి పోయే దారి నా గుమ్మం ముందే.

గేదెను వినే యంత్రం మనిషినీ వింటోంది. ఇంతకంటే పెద్ద ప్రసంగం నేను చెప్పలేను.

నా కార్డును చిన్న రేకు డబ్బాలో పెట్టి మూత వేశాను. నంబరు పోయింది. మూత తీశాను, వచ్చింది. నూనె డబ్బాల రేకు కత్తిరించి మధ్యాహ్నానికల్లా ఇరవై చిన్న డబ్బాలు చేశాం. చేశాం అని ఎందుకంటున్నానంటే సీసం కరిగించి అతుకులకు మాటు వేసింది సలోమి. ఎనిమిది నెలల కిందట పడమటి గట్టు నుంచి ఒక సంచితో వచ్చి పని అడిగింది. చేతి మీద కాలిన మచ్చలు చూసి, కుంపటి పని ముందే వచ్చా అని అడిగాను. కుంపటి వల్ల కాదంది. ఆ తర్వాత నేనేమీ అడగలేదు. ఇప్పుడు నాకంటే సన్నగా మాటు వేస్తుంది.

వారధి మీద కార్డు మెడలో కనబడాలని నియమం. తక్కిన చోట్ల డబ్బాలో ఉంటే తప్పులేదు. అయినా ఊరికే ఇస్తానంటే తీసుకున్నది ఏడుగురు. మొదటిది సలోమిదే.

23వ రోజు, ఆదివారం

నాలుగు రోజులుగా యంత్రం నా గుమ్మంలోనే ఉంది. సాక్ష్యం కోసమని నంబర్లు, వేళలు ఈ పుస్తకంలోనే వెనక పేజీల్లో ఎక్కిస్తున్నాను. ఏ నంబరు ఎవరిదో తెలిసిపోతోంది. పాల క్యాను చప్పుడుతో వచ్చే నంబరు పాల జెకర్యాది. దగ్గుతో పాటు వచ్చేది ముసలి ఆదాముది.

శుక్రవారం ప్రార్థనకు రాలేదేమని ఆదామును అడిగితే జ్వరమన్నాడు. ఆ పూట అతని నంబరు రెండుసార్లు పేకాట షెడ్డు వైపు పోయి రావడం నా దగ్గర రాసి ఉంది. ఇవాళ పేరు చెప్పకుండా దాన్నే ప్రసంగంలో పెట్టాను. జ్వరంతో పేకాట ఆడేవాళ్లున్నారన్నాను. ఆదాము తల దించుకున్నాడు. వెనక బెంచీలు గడగడలాడాయి. నా జీవితంలో ఇంత పదునుగా ఎప్పుడూ వాక్యం చెప్పలేదనిపించింది.

ఇంటికొచ్చాక దీనమ్మ అన్నం పెడుతూ అంది: "గేటుకి ఉన్న చెవి నీకూ మొలిచిందన్నమాట."

పచ్చడి అడిగి వేయించుకున్నాను.

37వ రోజు, ఆదివారం

మా షెడ్డు బయటి గోడకు ఒక నల్ల పలక ఉంది. దాన్ని రానివాళ్ల పలక అంటాం. జబ్బులో, దుఃఖంలో, ప్రయాణంలో ఉన్నవాళ్ల పేరు, అవసరం సుద్దతో రాస్తాం. లోపలికి రానివాడు కూడా దారిన పోతూ చదివి వాళ్లకోసం ఒక మాట ప్రార్థిస్తాడని మా నాన్న కాలం నుంచీ ఆ అలవాటు. అయితే ఫలానా ఆవిడకు గర్భం నిలవడం లేదని ఊరంతా చదవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

పోయిన వారం నాకొక ఆలోచన వచ్చింది. నంబరు పేరు కాదని ప్రభుత్వమే చెప్పింది గదా. సరే, ప్రభుత్వం మాటనే ప్రభువు పనికి వాడదాం. పేర్లు తుడిచి నంబర్లు రాయించాను. అవసరం మాత్రం కింద ఉంటుంది. అందరికీ నచ్చింది. ఆదాము ఒక్కడే, పైవాడికి నా నంబరు గుర్తుండుద్దా అని అడిగాడు. నీ తలవెంట్రుకలు లెక్కపెట్టినవాడికి ఇదొక లెక్కా అన్నాను. అతని తలమీద లెక్కపెట్టడానికి ఏమీ లేదని పిల్లలు నవ్వారు.

సలోమి ఇవాళ రాలేదు. పడమటి గట్టున ఆమె తల్లి చనిపోయింది. నిన్న భూస్థాపన. ఆమె కోసం నేనే స్వయంగా, గుండ్రంగా రాశాను:

4417. తల్లి పోయిన దుఃఖంలో ఓదార్పు. ప్రతి శనివారం వారధి ప్రయాణంలో భద్రత.

49వ రోజు, శుక్రవారం

ఉపవాస ప్రార్థనకు కొత్తవాడు వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో లేఖనం, మంచి గొంతు. పాటలన్నీ వచ్చు. పేరు ప్రభుదాసన్నాడు. ప్రార్థన అయ్యాక పక్కనే ఉన్న నా షాపులోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"మీ పలక చూసే వచ్చాను బ్రదర్. ఎంత మంచి అలవాటు. దారినపోయే నాబోటివాడు కూడా ప్రార్థన చేసుకోవచ్చు."

జేబులోంచి సబ్బుబిళ్లంత యంత్రం తీసి, నేను రేకు సాగగొట్టే ఇనుప దిమ్మె, నా దాగలి మీద పెట్టాడు. నాదీ అదే రకం. మా అత్తగారి భూస్థాపన రోజున సమాధుల గోడ అవతల నుంచి ఒక నంబరు వినబడింది, మనిషి మాత్రం బయటపడలేదు అన్నాడు. అప్పటి నుంచి ఏటి వెంట ఊరూరా ఆ నంబరు కోసమే తిరుగుతున్నాడట. ఇక్కడ గోడమీద సుద్దతో కనబడింది. తల్లి చావుతో సహా, వారధి దాటే వారంతో సహా.

చేతిలోని రేకుకత్తెర కింద పెట్టాను. అతను మాత్రం నెమ్మదిగా దాంపత్యం గురించి, భార్య విధేయత గురించి నాకే వాక్యం చెప్పుకుంటూ పోయాడు. చెబుతున్నంతసేపూ బొటనవేలితో రేకు అంచును వంచుతున్నాడు. చివరికి వంగి అడిగాడు.

"నాకు గొడవ ఒద్దు బ్రదర్. ఆమెతో పని కూడా లేదు. నా కూతుర్ని యాడ దాచిందో తెలిస్తే చాలు. 4417 మీ సంఘంలో ఎవరు?"

లేఖనంలో ఒక స్త్రీ ఉంది. మిద్దెమీద జనపకట్టెల కింద ఇద్దరిని దాచి, వెతకవచ్చిన భటులతో వాళ్లు వెళ్లిపోయారని చెప్పింది. ఆమె చెప్పిన అబద్ధం లేఖనంలో ఉంది. ఆ అబద్ధానికి ఆమెను తిట్టిన వాక్యం మాత్రం ముప్పై ఏళ్లుగా చదువుతున్నా నాకు దొరకలేదు.

"ఆ నంబరు నాది" అన్నాను.

అతను నవ్వి యంత్రం జేబులో వేసుకున్నాడు. "రేపు శనివారమే గదా. వారధి చెబుతుందిలే" అని, వందనాలు పెట్టి మరీ వెళ్లాడు.

వెనక గదిలో కుంపటి ముందు సలోమి కూర్చుని ఉంది. అతను పాట ఎత్తుకున్నప్పుడే గొంతు గుర్తుపట్టి కదలకుండా ఉండిపోయిందట. పది అడుగుల దూరంలో, ఆమె కార్డు రేకు డబ్బాలో నోరు మూసుకుని ఉంది. సమాధుల దగ్గర మాత్రం ఏడుస్తూ డబ్బా మూత పెట్టడం మరిచిపోయింది. దానికి తోడు నేను గోడమీద రాశాను. దాపరికం కోసమే నంబరు రాశానమ్మా అన్నాను. అంతకంటే చేతకాని మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

"పేరు రాసినా ఇంత నష్టం జరిగేది కాదన్నా" అంది సలోమి. "సలోమీలు ఊరికి పదిమంది ఉంటారు. ఆ నంబరు నేనొక్కదాన్నే."

ఇన్నాళ్లకు నోరు విప్పి తక్కినది చెప్పింది. ఆమెకు ఆరేళ్ల కూతురుంది. పడమటి గట్టున ఒక హాస్టల్లో, హెడ్ మిస్ట్రెస్ దయమీద ఉంది. శనివారం శనివారం వెళ్లి చూసి వస్తుంది. సంరక్షకుల సంతకాలకు రేపే ఆఖరి రోజు, అదీ మధ్యాహ్నం దాకే. తల్లి స్వయంగా వచ్చి సంతకం పెడితే పాప తల్లి పేరు మీదికి మారుతుంది. పెట్టకపోతే రికార్డులో ఉన్న తండ్రికి కబురు పోతుంది. వెళ్తే ఆ మనిషి వెంటపడి పాప దగ్గరికి వస్తాడు. వెళ్లకపోతే హాస్టలువాళ్లే పాపను అతనికి అప్పజెబుతారు.

అదే రోజు, సాయంత్రం

గేటు ఆఫీసుకు వెళ్లాను. సలోమి నంబరు మార్చమని అడిగాను. నలభై రోజులు పడుతుందని, భర్త సంతకం కావాలని వకుళ చెప్పింది. సంగతి వివరించాను. ఆమె బాధపడింది, కానీ మళ్లీ అదే మాట అంది. కార్డులో పేరు లేదు కదండీ అని.

నాకు కోపం వచ్చింది. యంత్రం తీసి ఆమె బల్ల మీద పెట్టాను.

"ఇదిగో మీ నంబరు మేడమ్. సాయంత్రం ఆరున్నరకి గేటు దిగుతారు. ఇంటికి పోరు. మంగళవారం, గురువారం నా షాపు వెనక సందులోకి పోయి నలభై నిమిషాలుండి వస్తారు. ఏ ఇంటికో కూడా చెప్పమంటారా?"

వకుళ లేచి తలుపు మూసింది. ఆ సందులో ఏముందో నాకు తెలుసు. అందులో తప్పేమీ లేదు. ఇక్కడ రాయను.

గెలిచాననుకోవాలి. కానీ ఆమె తలుపు మూయడం చూసి నాకు లేఖనంలోని రాజు గుర్తొచ్చాడు. ఎవరూ అడగకుండా తన జనాన్ని తనే లెక్కపెట్టించుకున్నాడు, ఆ లెక్క వల్లే దేశం మీదికి తెగులు వచ్చింది. ఆ అధ్యాయం మీద ఎన్నిసార్లు గర్జించానో. ఇన్నాళ్లూ రాజంటే గేటే అనుకున్నాను. తప్పయిందమ్మా, ఇది చెయ్యగూడని పని అన్నాను. ఆదాముకు కూడా అదే మాట బాకీ ఉన్నాను.

ఆమె కాగితాలు సర్దుతూ, ఎటో చూస్తూ అంది: "నంబరు మార్చడానికి నలభై రోజులు. కార్డు విరిగితే మాత్రం సంతకాలు అక్కర్లేదు. మర్నాడు సాయంత్రానికే కొత్తది, కొత్త నంబరుతో. ఏ గట్టున విరిగినా ఇస్తాం."

ఇవాళ విరిస్తే రేపు మధ్యాహ్నంలోగా సలోమి వారధి దాటలేదు. దాటాక విరవాలి. కానీ దాటేటప్పుడే కదా అతను వినేది. ఈ చిక్కుముడి ఇంటికి తెచ్చి దీనమ్మ ముందు పెట్టాను. దీనమ్మ బియ్యం చేటలోంచి తలెత్తకుండానే అడిగింది:

"తెల్లచీరలు ఎంతమందికి ఉన్నాయి?"

50వ రోజు, శనివారం

యాభయ్యో రోజు. లేఖనంలో యాభై అంటే బానిసల విడుదల; తెలిసినవాళ్లకి ఈ అంకె బలం చెప్పక్కర్లేదు.

పొద్దున ఎనిమిదింటికి మా సంఘం ముప్పై ఒక్కమంది పాట పాడుతూ వారధి ఎక్కాం. అందులో ఆడవాళ్లు పంతొమ్మిదిమంది. ఉపవాస కూటానికి ఎలా వస్తారో అలాగే అందరూ తెల్లచీరలు కట్టుకుని, కళ్ల దాకా ముసుగు లాక్కున్నారు. వాళ్లలో మా దీనమ్మ ఎవరో కనిపెట్టడానికి నాకే సమయం పట్టింది. ఆదాము అందరికంటే ముందు దగ్గుతూ నడిచాడు. పొద్దున క్షమాపణ అడిగితే, పేకాటలో పోయింది ఎటూ పోయింది, పరువైనా తిరిగి ఇచ్చావులే అన్నాడు.

గేటు దగ్గర వకుళ స్వయంగా తెర ముందు కూర్చుంది. 4417 ఫొటో పడినప్పుడు సలోమి వైపు చూడలేదు. అడ్డుకర్ర లేచింది.

అవతల టీకొట్టు తడిక వెనక ఇస్త్రీ చొక్కా కనబడింది. నేను కానుకల బుట్ట చేతికి తీసుకున్నాను. ఆదివారం చందా పట్టే బుట్టే. పాట ఆపకుండా అందరి మధ్యా తిరిగాను. కానుక వేసినట్టే ఒక్కొక్కరూ మెడలోంచి కార్డు తీసి అందులో వేశారు. ముప్పై ఒక్క కార్డులు, మూత లేకుండా, ఒక్కసారిగా మాట్లాడుతున్నాయి. తర్వాత ముగ్గురు నలుగురుగా ఆడవాళ్లు సందుల్లోకి విడిపోయారు. అందులో ఒక గుంపులో సలోమి, దీనమ్మ ఉన్నారు.

కళ్లతో వెతికి ఉంటే అతనికి దొరికేదేమో. పదేళ్లు కాపురం చేసిన మనిషి నడక ఎవడికి తెలియదు? కానీ చేతిలో అంత చక్కగా వినే యంత్రం ఉన్నప్పుడు కళ్లనెవడు నమ్ముతాడు? 4417 ఎటు పోతే అటే వచ్చాడు. నేను ఏటి ఒడ్డున మిల్లు గోడ దాకా, కిలోమీటరు పైగా నడిచాను. వెనక పదిమంది మగవాళ్లు పాడుతూ వచ్చారు. కాళ్లు నొప్పులు పుట్టాక ఒక రాయి మీద కూర్చున్నాను. గోడ మలుపు తిరిగి, యంత్రం ముందుకు చాపి పట్టుకుని ప్రభుదాసు వచ్చాడు. బుట్ట ఒళ్లో పెట్టుకున్న నన్ను చూసి ఆగిపోయాడు.

"నంబరు నాదని నిన్ననే చెప్పాను గదా బ్రదర్" అన్నాను.

బుట్టలోంచి 4417 తీసి, నడుముకున్న రేకుకత్తెరతో అతని ముందే మధ్యకు కత్తిరించాను. అతని చేతిలోని తెరమీద ఆ నంబరు ఆరిపోయింది. కాసేపు తెరను చూశాడు, తర్వాత వచ్చిన దారి చూశాడు. ఎంత దూరం వచ్చాడో అప్పుడు అర్థమైంది. కార్డు కత్తిరించడం నేరమని, నన్ను లోపల వేయిస్తానని అరిచాడు.

"గేటుకి పోయి ఫిర్యాదు చెయ్యి. ఆ చేతిలోది ఏందని వాళ్లు అడిగితే అదీ చెప్పు. నా పేరు జక్కరయ్య, తూర్పు గట్టు, రేకుల షాపు. పేరుతోనే రాయించు."

పదిమంది అతని చుట్టూ నిలబడి పాట రెండో చరణం ఎత్తుకున్నారు. ఎవరూ అతన్ని తాకలేదు. దారి మాత్రం వెంటనే ఇవ్వలేదు.

పదిన్నరకు దీనమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. ముసుగు తీసి, సంతకం అయిందని చెప్పింది. కొత్త కార్డు వచ్చేదాకా ఆమె వారధి దాటకూడదు కాబట్టి ఇవాళ హాస్టల్లోనే పాప పక్కన పడుకోవడానికి హెడ్ మిస్ట్రెస్ ఒప్పుకుందట.

51వ రోజు, ఆదివారం

వాక్యం చెప్పడానికి ముందు నా తప్పు చెప్పుకున్నాను. యంత్రాన్ని అందరి ముందు దాగలి మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేశాను. ఈ పుస్తకంలో నంబర్లు రాసిన వెనక పేజీలన్నీ చించి కుంపట్లో వేశాను. మిగిలిన ఒక్క నంబరూ చచ్చిన నంబరు. దాని సాక్ష్యం ఉండాలి.

పలక తుడిచేశాం. రానివాళ్ల కోసం ఇప్పుడు ఖాళీ పలక ముందు నిలబడి కళ్లు మూసుకుంటాం. ఎవరి కోసం అడుగుతున్నామో మాకు తెలుసు, వినేవాడికీ తెలుసు. గోడకు తెలియనక్కర్లేదు.

మధ్యాహ్నం గేటు నుంచి మనిషి వచ్చి ఆరు రేకు డబ్బాలు కావాలన్నాడు. ఎవరికని అడగలేదు. రేపటి నుంచి ఇంటింటికీ తిరిగి, వాడలో ప్రతి కార్డుకూ ఒక డబ్బా ఇచ్చి వస్తాను. తీసుకోనన్నవాళ్లకు గేదె సంగతి చెబుతాను.

సాయంత్రం సలోమి తిరిగొచ్చింది. కొత్త కార్డు డబ్బాలోనే ఉంది. నంబరు నేను చూడలేదు, ఆమె చెప్పలేదు. కుంపటి రాజేసి, మాటుకర్ర కాలేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత తనంతట తానే, నేను అడగకుండానే, పాప పేరు నాకు చెప్పింది. ఇన్ని నెలల్లో మొదటిసారి. చక్కటి పేరు, నోటికి తీపిగా ఉంటుంది.

ఇక్కడ రాయను.